ఎగ్జిక్యూటివ్ అంటే ఆఫీసరేనా?

ప్రశ్న: నేను గోదావరిఖని దగ్గర సింగరేణి గనిలో ఫిట్టర్‌ను. మా బిడ్డ ఈ ఏడాది బీఎస్సీ ఎంపీసీఎస్ పూర్తి చేసింది, 74 శాతం మార్కులు వచ్చాయి. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బ్యాంకులో రిలేషన్‌షిప్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం వచ్చింది. ఏడాదికి 3 లక్షలు అన్నారు, అంటే నెలకు 25,000 అనుకున్నాను. మా దగ్గర ఎగ్జిక్యూటివ్ అంటే ఆఫీసరే. బిడ్డ ఆఫీసరైందని చుట్టాలందరికీ చెప్పుకున్నాను. మా తమ్ముడి కొడుకేమో ‘అది ఇల్లిల్లూ తిరిగి అకౌంట్లు తెరిపించే పని, పెద్దబాపూ’ అంటున్నాడు. ఆఫర్ లెటర్ మీద కూడా బ్యాంకు పేరు లేదు, వేరే కంపెనీ పేరుంది. ఆ లెటర్ కూడా పంపుతున్నాను. బాగా పనిచేస్తే బ్యాంకు తన రోల్‌లోకి తీసుకుంటుందని ఇంటర్వ్యూలో నోటిమాటగా చెప్పారట. ఆమె జీతం మీద ఇల్లు గడవాల్సిన అవసరం ఇప్పుడు లేదు. ఇది మోసమా? పంపాలా వద్దా? బిడ్డకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్ష రాయాలని ఉంది. అది కూడా ఇలాంటిదేనా? చుట్టాలకు ఏం చెప్పాలి? – ఒక తండ్రి, పెద్దపల్లి జిల్లా

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇందులో మోసం కనిపించడం లేదు. అయితే మీరు అనుకున్న ఆఫీసర్ ఉద్యోగం మాత్రం కాదు. మీ తమ్ముడి కొడుకు చెప్పింది చాలావరకు నిజమే. ఇక ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ మాత్రం మీ గని భాషలో చెప్పే ఎగ్జిక్యూటివే, అంటే అచ్చంగా ఆఫీసర్. రెండింటికీ పేరు ఒకటే, జీతంలో నాలుగింతల తేడా ఉంది. ఈ చిక్కు మీ ఒక్కరిది కాదు. కోల్‌బెల్ట్ నుంచి, విశాఖ స్టీల్‌ప్లాంట్ కాలనీల నుంచి వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఇక్కడే పొరబడతారు. అందుకు కారణం కూడా ఉంది.

సింగరేణిలో మీరు రోజూ చూస్తున్న లెక్క వేరు. అక్కడ ఉద్యోగులంతా రెండు వర్గాలు. బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందం, మీరు వేజ్ బోర్డు అంటారే, దాని కిందికి వచ్చేవాళ్లంతా నాన్ ఎగ్జిక్యూటివ్‌లు. ఈ1, ఈ2 అంటూ గ్రేడ్లతో పైకి వెళ్లేవాళ్లు ఎగ్జిక్యూటివ్‌లు. మీ జీతాలు సంఘాలతో కుదిరే ఒప్పందంతో ఐదేళ్లకోసారి మారతాయి, వాళ్లవి పదేళ్లకోసారి. గుర్తింపు సంఘం ఎన్నికల్లో మీకు ఓటుంది, వాళ్లకు లేదు. మీకు లాభాల వాటా వస్తుంది, వాళ్లకు పనితీరును బట్టి ఇచ్చే పీఆర్‌పీ వస్తుంది. అక్కడ ఎగ్జిక్యూటివ్ అన్న మాటకు జీతం, క్వార్టర్, సంతకం చేసే అధికారం అన్నీ ముడిపడి ఉన్నాయి. అన్నేళ్లుగా అదే చూసిన మనిషి, బిడ్డ ఆఫర్ లెటర్‌లో ఆ మాట కనపడగానే సంతోషపడడంలో తప్పేమీ లేదు.

కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లోనూ చాలావరకు ఇదే పద్ధతి. 2017 వేతన సవరణ తర్వాత ఈ1 స్కేలు 40,000 నుంచి 1,40,000, ఈ2 స్కేలు 50,000 నుంచి 1,60,000. మీకు దగ్గర్లోనే ఉన్న రామగుండం ఎన్‌టీపీసీ సంగతే తీసుకోండి. గేట్ అనే జాతీయ ఇంజనీరింగ్ పరీక్ష స్కోరుతో తీసుకునే ఇంజనీరింగ్ ఎగ్జిక్యూటివ్ ట్రైనీలు ఇలా రెగ్యులర్ స్కేలులోకి వచ్చేవాళ్లే. కానీ అదే ఎన్‌టీపీసీ కొన్నిసార్లు ఎగ్జిక్యూటివ్, అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ పేర్లతోనే కొన్నేళ్ల కాంట్రాక్టు మీద, నెలకింత అని కన్సాలిడేటెడ్ జీతంతో నోటిఫికేషన్లు ఇస్తుంది. గడువు తీరాక ఆ ఉద్యోగం ఉంటుందన్న హామీ ఉండదు. కాబట్టి ప్రభుత్వ సంస్థ అయినా నోటిఫికేషన్‌లో ముందు వెతకాల్సింది రెండే: పే స్కేలు ఇచ్చారా లేక నెలకు ఒకే మొత్తం ఇచ్చారా, రెగ్యులరా లేక ఫిక్స్‌డ్ టర్మా. పోస్టు పేరు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ప్రభుత్వ శాఖల్లో ఇదే మాట ఇంకో రకంగా వాడతారు. నీటిపారుదల శాఖలో ఏఈఈ, డీఈఈ అనే కింది హోదాలు దాటాక వచ్చే ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్, అంటే మన ఈఈ గారు, ఒక డివిజన్‌కే పెద్ద. దేవాదాయ శాఖలో ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ చిన్న గుళ్లు చూసుకునే గ్రేడ్-3 ఈఓ కావచ్చు, తిరుమల తిరుపతి దేవస్థానానికి ఈఓగా ఉండే ఐఏఎస్ అధికారీ కావచ్చు. ఊళ్లో గొడవ జరిగితే బైండోవర్ చేయించడానికి తహసీల్దార్ దగ్గరికి తీసుకెళ్తారు కదా, అప్పుడాయన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదాలో కూర్చుంటారు. వీటితో మీ బిడ్డకు ఇప్పుడు పని లేదు. ఈ మాట వినగానే మన మనసులో అధికారి ఎందుకు మెదులుతాడో తెలియడానికే చెప్పాను.

ప్రైవేటు రంగంలో సంగతి పూర్తిగా వేరు. అక్కడ చాలా కంపెనీల్లో ఎగ్జిక్యూటివ్ అనేది డిగ్రీ చదివినవాళ్లు చేరే మొట్టమొదటి మెట్టు. సేల్స్ ఎగ్జిక్యూటివ్, ఫీల్డ్ ఎగ్జిక్యూటివ్, కలెక్షన్ ఎగ్జిక్యూటివ్, కస్టమర్ కేర్ ఎగ్జిక్యూటివ్, బ్యాక్ ఆఫీస్ ఎగ్జిక్యూటివ్... ఇంటికి భోజనం తెచ్చే అబ్బాయిని కూడా డెలివరీ ఎగ్జిక్యూటివ్ అనే అంటున్నారు. దాని పైన సీనియర్ ఎగ్జిక్యూటివ్, టీమ్ లీడర్, అసిస్టెంట్ మేనేజర్, మేనేజర్ ఉంటారు. ఐడీబీఐ బ్యాంకు కాంట్రాక్టు మీద తీసుకున్న ‘ఎగ్జిక్యూటివ్ – సేల్స్ అండ్ ఆపరేషన్స్’ పోస్టులే చూడండి. అందులో నిర్ణీత కాలం బాగా పనిచేసినవాళ్లకు ఆ తర్వాత జూనియర్ అసిస్టెంట్ మేనేజర్ ఎంపికకు అవకాశం అని రాశారు. మేనేజర్‌కు అసిస్టెంట్, ఆ అసిస్టెంట్‌కు జూనియర్, వాళ్లకు కూడా కింద ఈ ఎగ్జిక్యూటివ్! మళ్లీ అదే ప్రైవేటు కంపెనీ బోర్డులో ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అంటే కంపెనీని రోజువారీగా నడిపే పెద్దల్లో ఒకరు. నాన్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ కూడా పెద్దవాడే, కాకపోతే రోజువారీ వ్యవహారాల్లో ఉండడు. మీ గనిలో నాన్ ఎగ్జిక్యూటివ్ అంటే కార్మికుడు, బోర్డులో నాన్ ఎగ్జిక్యూటివ్ అంటే డైరెక్టర్.

కంపెనీలు ఈ పేరు ఎందుకు పెడతాయంటే, పేరు పెట్టడానికి ఖర్చు లేదు. సేల్స్‌మ్యాన్ వచ్చాడంటే తలుపు తీయని కస్టమర్, బ్యాంకు ఎగ్జిక్యూటివ్ అంటే కూర్చోబెట్టి మాట్లాడతాడు. చేరే పిల్లలకు కూడా విజిటింగ్ కార్డు మీద ఆ పేరు చూసుకుంటే ఉత్సాహంగా ఉంటుంది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. ఒక మనిషి కార్మికుడా, మేనేజరా అన్న వివాదం కోర్టుకు వెళ్లినా, హోదా పేరు ఒక్కటే చూసి తేల్చరు, అతను నిజంగా చేసే పని ఏమిటో చూస్తారు. మీరూ అదే చేయాలి.

ఇప్పుడు మీరు పంపిన ఆఫర్ లెటర్‌కు వద్దాం. ఏడాదికి 3,00,000 అంటే నెలకు 25,000 వస్తుందని మీరు లెక్కేసుకున్నారు. అది సీటీసీ, అంటే కంపెనీకి ఆమె మీద అయ్యే మొత్తం ఖర్చు. రెండో పేజీలో పట్టిక ఉంది, చూడండి. అందులో నెలకు 5,000 ‘పెర్ఫార్మెన్స్ ఇన్సెంటివ్’. టార్గెట్ పూర్తయితేనే అది వస్తుంది. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 1,500, ఈఎస్ఐ, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో 1,300 కూడా ఆ 25,000లోనే కలిపేశారు. అవి పోతే మిగిలింది 17,200. అందులోంచి మీ బిడ్డ వాటా పీఎఫ్ 1,500, ఈఎస్ఐ 129, తెలంగాణ వృత్తి పన్ను 150 పోతాయి. బ్యాంకు ఖాతాలో పడేది సుమారు 15,400. పీఎఫ్ డబ్బు ఆమెదే, ఎక్కడికీ పోదు. గ్రాట్యుటీ మాత్రం నిర్ణీత కాలం పనిచేస్తేనే చేతికొస్తుంది. ఏదేమైనా ఒకటో తారీఖున హాస్టల్ ఫీజు కట్టాల్సింది ఆ 15,400 లోంచే. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు కాబట్టి ఆ ఖర్చు తప్పుతుంది. కానీ ఫీల్డ్ పని అంటే బస్సు వెళ్లని కాలనీలకు కూడా వెళ్లాలి. ఆ ప్రయాణం ఖర్చు ఎవరు ఇస్తారో ఆ లెటర్‌లో ఎక్కడా లేదు.

ఆఫర్ లెటర్ మీద వేరే కంపెనీ పేరు ఉండడానికి కారణం ఇది థర్డ్ పార్టీ పేరోల్. బ్యాంకు తరఫున పని చేయాలి, జీతం మాత్రం మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ ఇస్తుంది. ఆఫ్‌రోల్ అని పిల్లలు అంటుంటారు. సింగరేణిలో పర్మినెంట్ కార్మికుడికీ కాంట్రాక్టు కార్మికుడికీ ఉన్న తేడా మీకు నేను చెప్పాల్సిన పని లేదు కదా, ఇదీ దాదాపు అలాంటిదే. బ్యాంకు ఏజెన్సీని మారిస్తే ఆమె ఉద్యోగమూ కదులుతుంది. బాగా పనిచేస్తే బ్యాంకు తన రోల్‌లోకి తీసుకుంటుందని ఇంటర్వ్యూలో నోటిమాటగా చెప్పారని రాశారు. కొందరిని తీసుకుంటారు, నిజమే. కానీ కాగితం మీద లేనిదాన్ని లెక్కలో వేసుకోకండి.

చేరాలనుకుంటే చేరేముందు మీ బిడ్డే హెచ్ఆర్‌కు ఫోన్ చేసి, తర్వాత ఈమెయిల్‌లోనూ అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నెలకు ఎన్ని అకౌంట్లు తెరవాలి? టార్గెట్ తప్పితే ఇన్సెంటివ్ ఒక్కటే పోతుందా, లేక రెండు మూడు నెలల తర్వాత ఉద్యోగమే పోతుందా? బ్రాంచిలో కూర్చునే పనా, బయట తిరిగే పనా? ఇన్సూరెన్స్ పాలసీలు కూడా అమ్మాలా? ఇది తప్పకుండా అడగమనండి. ఇంతకాలం మానకూడదనే బాండ్ ఉందా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుంటారా? సర్టిఫికెట్లు చూపించి తిరిగి తెచ్చుకోవాలి తప్ప వాళ్ల దగ్గర ఉంచకూడదు. ట్రైనింగ్ ఫీజనో, ల్యాప్‌టాప్ డిపాజిట్ అనో ఒక్క రూపాయి అడిగినా అక్కడితో ఆపేయండి. మీ లెటర్‌లో అలాంటిదేమీ లేదు, అందుకే ఇది మోసం కాదని మొదట్లోనే అన్నాను. అడిగినవాటికి సూటిగా జవాబిచ్చే కంపెనీ అయితే కొంత నమ్మకం పెట్టుకోవచ్చు. ‘చేరాక అన్నీ తెలుస్తాయి’ అంటే మాత్రం నేనైతే పంపను.

ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. ఇల్లిల్లూ తిరిగే పని అని మీ తమ్ముడి కొడుకు అన్న తీరులో కొంచెం చులకన ఉంది. ఆ చులకన మీ ఇంట్లోకి రానివ్వకండి. కొత్త మనిషితో మాట కలపడం, పది మంది వద్దన్నా పదకొండో తలుపు తట్టడం, ఒక కుటుంబం డబ్బు లెక్కలు అర్థం చేసుకోవడం డిగ్రీ కాలేజీ నేర్పలేదు, ఈ పని నేర్పుతుంది. అలా మొదలుపెట్టి బ్రాంచి మేనేజర్లు అయినవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు. అమ్మడం ఇష్టమున్న పిల్లకు ఇది మంచి మొదలు. మీ బిడ్డకు ఇష్టమా అన్నదే ప్రశ్న. మీ ఉత్తరంలో ఆ ఒక్క సంగతే లేదు. ఆమె చదువుకుంటానన్నది వేరే పరీక్షకు.

ఆ పరీక్ష సంగతి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో కూడా మీ సంస్థలాగే రెండు వర్గాలు. అక్కడ జూనియర్ అసిస్టెంట్, సీనియర్ అసిస్టెంట్ పోస్టులకు ఎన్ఈ అనే గ్రేడ్లు, అంటే నాన్ ఎగ్జిక్యూటివ్. జూనియర్ ఎగ్జిక్యూటివ్‌కు ఈ1, స్కేలు 40,000 నుంచి 1,40,000. అలవెన్సులన్నీ కలిపి ఏడాదికి సుమారు 13 లక్షల దాకా సీటీసీ అని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. జూనియర్ అన్న మాట చూసి చిన్న ఉద్యోగం అనుకోకండి, అక్కడ ఆఫీసర్ల వరసలో అది మొదటి కుర్చీ. మళ్లీ ఇందులోనూ ఒక మెలిక ఉంది. సివిల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ జూనియర్ ఎగ్జిక్యూటివ్‌లను గేట్ స్కోరుతో తీసుకుంటారు, అవి బీటెక్ వాళ్లకే. బీఎస్సీ వాళ్లు చూడాల్సింది విమానాల రాకపోకలను నియంత్రించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ జూనియర్ ఎగ్జిక్యూటివ్. దీనికి మూడేళ్ల డిగ్రీలో ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ ఉండాలి. ఎంపీసీఎస్ చేసింది కాబట్టి మీ బిడ్డకు రెండూ ఉన్నాయి. వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. 2025లో ఈ పోస్టులకు 309 ఖాళీలతో నోటిఫికేషన్ వచ్చింది.

పరీక్ష 120 మార్కులకు. అందులో 60 మార్కులు మ్యాథ్స్, ఫిజిక్స్‌వే. మిగతా 60 ఇంగ్లిష్, రీజనింగ్, న్యూమరికల్ ఆప్టిట్యూడ్, జనరల్ అవేర్‌నెస్. అంటే సగం పేపరు ఆమె ఇంటర్ నుంచి చదువుతూ వచ్చిందే, ఇప్పుడింకా తలలో తాజాగా ఉంది. రెండేళ్లు అమ్మకాల పనిలో తిరిగి వచ్చాక మళ్లీ ఇంటిగ్రేషన్, ఆప్టిక్స్ పట్టుకోవాలంటే కష్టమవుతుంది. రాత పరీక్ష తర్వాత వాయిస్ టెస్ట్, సైకలాజికల్ పరీక్ష, మత్తుపదార్థాల పరీక్ష, వైద్య పరీక్ష ఉంటాయి. పైలట్లతో ఇంగ్లిష్‌లో స్పష్టంగా మాట్లాడాలి కాబట్టి వాయిస్ టెస్ట్‌కు ఇప్పటి నుంచే రోజూ గట్టిగా చదివే అలవాటు చేసుకోవాలి. తెలుగు మీడియం పిల్లలు భయపడేది ఇక్కడే. యాస గురించి కంగారు అక్కర్లేదు, మాట తడబడకుండా, తేటగా ఉంటే చాలు. ఉద్యోగంలో రాత్రి షిఫ్టులు ఉంటాయి, పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా రావచ్చు. షిఫ్టు డ్యూటీ చేసిన ఇల్లు మీది, కాబట్టి అది మీకు కొత్తగా అనిపించదు.

ఇక పంపాలా వద్దా అన్నదానికి నా అభిప్రాయం. ఆమె జీతం మీద ఇల్లు గడవాల్సిన అవసరం ఇప్పుడు లేదని మీరే రాశారు. అలాంటప్పుడు నేనైతే ఈ ఆఫర్ వదులుకుని, ఒక ఏడాది చదవనిస్తాను. ఇలాంటి రిలేషన్‌షిప్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగాలు వచ్చే ఏడాదీ ఉంటాయి. పగలంతా టార్గెట్ టెన్షన్‌తో తిరిగిన పిల్ల రాత్రి హాస్టల్‌లో కూర్చుని ఫిజిక్స్ చదవడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. అయితే ఒక్క నోటిఫికేషన్ మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. అది ఏటా ఒకే నెలలో వస్తుందని చెప్పలేం, పోటీ దేశమంతటిదీ. ఆ మిగతా 60 మార్కుల సిలబస్సే ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షలకు, రైల్వేలో నాన్ టెక్నికల్ పోస్టుల పరీక్ష అయిన ఎన్‌టీపీసీకి, కేంద్ర శాఖల ఉద్యోగాలకు పెట్టే ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కు కూడా చాలావరకు పనికొస్తుంది. ఈ ఏడాదిలో వచ్చేవన్నీ రాయించండి. రైల్వే ఎన్‌టీపీసీ వేరు, మీ రామగుండం ఎన్‌టీపీసీ వేరు అని ఆమెకు తెలుసు, మీకోసం చెబుతున్నాను. కోచింగ్‌కు లక్షలు పోయక్కర్లేదు. పాత పేపర్లు, ఇంటర్ మ్యాథ్స్, ఫిజిక్స్ పుస్తకాలు, వారానికి రెండు మాక్ టెస్టులతో మొదలుపెట్టమనండి.

ఏడాది తర్వాత ఏదీ రాకపోతే అప్పుడు ఉద్యోగం చూసుకోవచ్చు. అప్పటికీ ముందు కస్టమర్లు చేసే ఫోన్లకు జవాబిచ్చే ఇన్‌బౌండ్ కస్టమర్ సపోర్ట్, బ్యాక్ ఆఫీస్ లాంటివి చూడమంటాను. అవీ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగాలే, కానీ డ్యూటీ వేళలు ఖాయంగా ఉంటాయి, చదువు పూర్తిగా ఆగిపోదు. కంప్యూటర్ సైన్స్ కూడా చదివింది కాబట్టి ఈలోపు ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ గట్టిగా నేర్చుకుంటే డేటా పనులకూ దారి ఉంటుంది.

ఇదంతా రాస్తున్నప్పుడు ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. కస్టమర్ సపోర్ట్ ఎగ్జిక్యూటివ్, డేటా ఎంట్రీ అంటూ థాయ్‌లాండ్, కంబోడియా, లావోస్ పేర్లతో ఫోన్లు వస్తున్నాయి. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసులో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లిన మన పిల్లలతో బలవంతంగా సైబర్ నేరాలు చేయించారు. మయన్మార్‌లోనూ అదే జరిగింది. విజిట్ వీసా మీద రమ్మంటే, ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లేకపోతే, జీతం ఎంత చెప్పినా వద్దనండి. మీ బిడ్డకు రాకపోయినా ఆమె స్నేహితులకు ఈ ఫోన్ వచ్చి ఉండొచ్చు.

చుట్టాలకు ఏం చెప్పాలని ఉత్తరం చివర అడిగారు. బిడ్డ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ పరీక్షకు చదువుతోందని చెప్పండి, అంతకన్నా వివరం అక్కర్లేదు. ఈ వారంలో మాత్రం మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీరు బీసీ అయితే మన రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ కేంద్ర ఉద్యోగాలకు సరిపోదు, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. ఓసీ అయి అర్హత ఉంటే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. మీసేవలో దరఖాస్తు చేసి, తహసీల్దార్ ఆఫీసులో పని పూర్తయ్యేదాకా వెంటపడండి. నోటిఫికేషన్ పడ్డాక తిరగడం మొదలుపెడితే చివరి తేదీలోపు చేతికి అందక ఇబ్బంది పడతారు.